చాపకు నొప్పి కలగకుండా

మా కొండల నిండా బూనా చెట్లే.
ఆ పేరు రాయాలంటే
'చెట్టు' అని రాసి పక్కనే 'లేదు' అని రాయాలి.
మేస్త్రీలు దాన్ని చెట్ల లెక్కలో వేసేవాళ్లు కాదు.
కోసిన వారానికి వంకర, వాన పడితే బూజు,
పొయ్యిలోకి తప్ప పనికిరాని కలప.

నాన్న, ఇసాగో తొకుజిరో,
కిరి చెక్కతో బట్టల బీరువాలు చేసేవాడు.
కింది సొరుగు మూస్తే
పై సొరుగు ఊపిరి వదిలినట్టు ముందుకు రావాలి.
రాకపోతే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.
ఇనప మేకు అనే మాట మా ఇంట్లో తిట్టుతో సమానం.

యుద్ధం ఆఖరి ఏడాది సైన్యం వాళ్లు వచ్చి
ఊళ్లో వడ్రంగులందర్నీ ఒక షెడ్డులోకి తోలారు.
చెక్క విమానాలు చేయించారు.
ఎగరడానికి కాదు,
పైనుంచి చూసినవాడు నిజమనుకుని
వాటి మీద బాంబు వృథా చేసుకోవడానికి.
నాన్న వాటి రెక్కలకి కూడా చిత్రిక పట్టాడు.
"కాలిపోయేదానికి ఇంత నునుపెందుకు?" అని అమ్మ అడిగితే
"కాలిపోతుందని నా చెయ్యికి తెలీదుగా" అన్నాడట.

ఆ షెడ్డే ఇప్పుడు ఫ్యాక్టరీ.
నాకు పందొమ్మిదేళ్లు. జిగురు బల్ల దగ్గర పని.
బూనా దుంగని నీళ్లలో ఉడకబెట్టి
ముల్లంగి తిప్పుతూ పొర తీసినట్టు
తెగకుండా పలచగా తీస్తారు.
ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం,
మధ్యలో కళ్లు మండించే జిగురు.
తొమ్మిది పేర్చి అచ్చులో బిగిస్తే
కరెంటు వేడికి బుసకొట్టి
పది నిమిషాల్లో వంగి కూర్చుంటుంది
ఆ మొండి చెట్టు,
ఆ లేని చెట్టు.

ఫిబ్రవరిలో, మంచు కిటికీ దాటిన రోజుల్లో,
తోక్యో నుంచి మినెగిషి గారు వచ్చారు.
చంకలో డ్రాయింగుల చుట్ట, కాళ్లకి పల్చటి బూట్లు.
ఆయన గీసిన కుర్చీని మా ఇంట్లో వేసి చూశారు,
ఫ్యాక్టరీలో తతామీ గది లేదు మరి.
ఆయన కూర్చున్నాడు. బావుందా అని నాన్నని అడిగాడు.
నాన్న కుర్చీ వైపు చూడలేదు.
ఆయన లేచాక మోకాళ్ల మీద వంగి
గడ్డి చాప మీద అరచెయ్యి ఆనించాడు,
పిల్లాడికి జ్వరం చూసినట్టు.
నాలుగు కాళ్లకీ నాలుగు గుంటలు.
"మీరు కూర్చుంటే దీనికి నొప్పి పుడుతోంది."

మినెగిషి గారు రాత్రి రైలు ఎక్కలేదు.
ముందు కాలినీ వెనక కాలినీ కలుపుతూ
మంచుబండికి ఉన్నట్టు కింద ఒక పట్టీ ఉంటే,
అని ముందు ఎవరన్నారో నాకు తెలీదు.
టీ కాచడానికి లోపలికి వెళ్లాను.
తిరిగొచ్చేసరికి నాన్న తోపడాని
తనవైపు లాక్కుంటున్నాడు,
ఇంజనీరు గారు బల్బు పట్టుకుని నిలబడ్డాడు,
మేజోళ్లకి పొట్టు అంటుకుని.
"అంచు ఇంకో బియ్యపుగింజంత తియ్యాలి."
పొద్దునకి డ్రాయింగులో అది
మూడు మిల్లీమీటర్లు అయింది.

తర్వాత పన్నెండు వేల కుర్చీలు.
అంచులన్నీ యంత్రమే గుండ్రం చేసేది.
నాన్న ఒక్కసారి వచ్చి
ఒక పట్టీ పొడవునా బొటనవేలు నడిపించి
"ఊఁ" అన్నాడు.
మెచ్చుకున్నాడో, వదిలేసుకున్నాడో
అడుగుదామనుకున్నాను.
ఆ మోతలో అడిగినా వినపడేది కాదు.

మొదటి కుర్చీ మా ఇంట్లోనే ఉండిపోయింది.
బతికున్నన్నాళ్లూ నాన్న దాని మీద కూర్చోలేదు.
పక్కన నేల మీద కూర్చుని
దాని మీద టీ కప్పు పెట్టేవాడు,
కళ్లద్దాలు పెట్టేవాడు, గొడవపడితే మోచెయ్యి పెట్టేవాడు.
"మంచి బల్ల చేశారు" అనేవాడు
మినెగిషి గారు ఎప్పుడొచ్చినా.
ఆయన తల వంచి ఒప్పుకునేవాడు.

నిన్న దాన్ని జరిపి ఊడ్చాను.
నిరుడు మార్పించిన చాప, అప్పుడే పసుపు తిరిగింది.
పట్టీలున్న చోట మాత్రం
ఎండ తగలని రెండు గీతలు
ఇంకా పచ్చగా.
గుంట ఉందేమోనని వేలితో తడిమాను.
మళ్లీ తడిమాను.